వదిన స్ట్రైకర్ మీది పసుపు

శుక్లాల ఆపరేషనై, రెండో కంటి పట్టీ కూడా తీసిన మర్నాడే మా వదిన నన్ను దొంగను చేసింది.

నేను వంటింట్లో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. ఆమె నల్లద్దాలు పెట్టుకుని, గోడ పట్టుకోకుండా, పైనుంచి చకచకా మెట్లు దిగి వచ్చింది. ఆమె అలా దిగడం చూసి చాలా కాలమైంది కనుక నాకు ప్రాణం లేచి వచ్చినట్టయింది. ఆ సంతోషాన్ని ఒక్క నిమిషం నిలవనివ్వలేదు మహాతల్లి. అరచేతిలో క్యారమ్స్ స్ట్రైకర్ పెట్టి నా ముక్కు కిందికి తెచ్చింది.

"ఇది నాది కాదు. నాదేడ పెట్టినవే?"

"నీదే వదినా. మనింట్ల ఉన్నదే ఒక్కటి."

"నాది పాలలెక్క తెల్లగుంటది. ఇదేంది, పసుపుకొమ్ము అరగదీసినట్టున్నది? ఎవలకన్న ఆడనిచ్చి మార్చుకున్నవా?"

నేను పళ్ళెం పక్కన పెట్టాను. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన నాటి నుంచీ నాకు తెలిసిన ఆ స్ట్రైకర్ పసుపే. మొదట్లో ఆవు వెన్న రంగులో ఉండేది, రానురాను ఆవునెయ్యి రంగుకు వచ్చింది. ఆమె మాత్రం ఎప్పుడూ "నా తెల్ల స్ట్రైకర్" అనేది. గంధం రంగు చీరను పట్టుకుని తెల్లచీర అనేవాళ్ళు ఉంటారు కదా, ఈమె కూడా అలాగే అంటోందిలే అనుకునేదాన్ని. ఆమె కంటికి అది నిజంగానే తెల్లగా కనిపిస్తోందని నాకేం తెలుసు?

మా వదిన అంటే మా ఆయనకు అక్క. నర్సుగా చేసి రిటైరయింది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే "డ్యూటీల పడి మర్చిపోయిన" అంటుంది. ఉద్యోగమంతా దవాఖానల్లో తిరిగి, చివరికి వరంగల్ కొత్తవాడలో మా ఇంటి మీద గది వేయించుకుని స్థిరపడింది. మా ఆయనకు కింద నూలు దుకాణం. నేను బడిలో లెక్కలు చెప్పి ఈ మధ్యనే రిటైరయ్యాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక మేమిద్దరం క్యారమ్స్ ఆడతాం. ఏ కోణంలో కొడితే ఏ కోణంలో తిరిగొస్తుందో పిల్లలకు ఏళ్ళ తరబడి నేర్పినదాన్ని నేను. గెలిచేది మాత్రం ఆమె.

శుక్లాలు ముదిరితే లోకమంతా పాతబడిన గాజులోంచి చూసినట్టే ఉంటుందట. అన్నీ పసుపైనప్పుడు ఏదీ పసుపు కాదు. ఆమె కంటి మీద పొర, స్ట్రైకర్ మీద పసుపు ఒకదాని చాటున ఒకటి నిమ్మళంగా పెరిగాయి. ఇప్పుడు కంటి పొర తీసేసరికి రెండోది దొరికిపోయింది. ఇదంతా నేను ఆమెకు విడమర్చి చెప్పాను. ఆమె వినలేదు. మా వదిన పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

చివరికి తీర్పు చెప్పింది ఆమె ముక్కే. ప్రతి దెబ్బకూ ముందు స్ట్రైకర్‌ను బొటనవేలితో గట్టిగా రుద్ది ఒకసారి వాసన చూడటం ఆమెకు అలవాటు. అది బేకలైటుది, పాతకాలపు రేడియోలకూ స్విచ్‌లకూ వాడిన గట్టి పదార్థం. వేడెక్కేదాకా రుద్దితే కార్బాలిక్ వాసన వస్తుంది. "దవాఖాన వాసన" అంటుంది ఆమె. ఇప్పటి ప్లాస్టిక్‌కు ఆ వాసన రాదు. ఆ రోజు కూడా వంటింటి గడప మీద నిలబడి రుద్దింది, వాసన చూసింది. మళ్ళీ చూసింది.

"నాదే," అంది, ఎవరో పోయారని కబురు విన్నట్టుగా. "గిట్లెట్లైందే?"

బేకలైటు అన్న మాట ఆమె నోట బ్యాకలేటు అవుతుంది. పెళ్ళైన కొత్తలో "నాది బ్యాకలేటు" అని ఆమె అంటే, ఆటలో వెనక్కి కొట్టే పద్ధతికి అది పేరేమో అనుకున్నాను. చాలా రోజులు అదే పద్ధతి నేర్పమని బతిమాలాను. ఆమె కూడా నా తెలివి ఎంత దూరం పోతుందో చూద్దామని నేర్పుతున్నట్టే నటించింది. స్ట్రైకర్‌ను బోర్డు అంచుకు ఆనించి వెనక్కి కొట్టించేది. కాయిన్ ఒక్కటీ పడేది కాదు. మా అత్తగారు ఊడుస్తూ ఆగి మరీ నవ్వేది.

కొత్త చూపుతో మా వదిన ఇంటిని తనిఖీ చేయడం మొదలుపెట్టింది. వంగొద్దు, దుమ్ములో ఉండొద్దు, కొన్నాళ్ళు ఆటలు వద్దు అని డాక్టర్ చెప్పాడు. ఆటా పాటా లేని నర్సుకు ఇల్లంతా వార్డే. తలుపు తెరలు తెల్లగానే ఉన్నాయనుకుందట ఇన్నాళ్ళూ, అవి మాసి పసుపెక్కాయి. ఫ్రిజ్ తలుపు మీద చేతి మరకలు. మా ఆయన తెల్లచొక్కా కాలరు. ఒకరోజు నా గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది. "ఓ పిల్లా, నువ్వు గింత ముసలిదానివి ఎప్పుడైనవే?" అంది. నాకు ఒళ్ళు మండింది. అద్దం తెచ్చి ఆమె చేతిలోనే పెట్టాను. చూసుకుని తన బుగ్గ తానే తడుముకుంది, తర్వాత ఇద్దరం నవ్వుకున్నాం.

"అక్కకు కండ్లు రాకముందే మనం సుఖంగుంటిమి," అన్నాడు మా ఆయన దుకాణంలోంచి. కాలర్ల గొడవకు ఆయన నొచ్చుకున్నాడు.

తెరలు ఉతికాను. ఫ్రిజ్ తుడిచాను. ఈ పనులకు నేను ఎదురు చెప్పలేదు. కానీ స్ట్రైకర్ కూడా తోమేస్తానని ఆమె అన్నప్పుడు మాత్రం అడ్డం పడ్డాను.

"తోమితె పోతది వదినా. అది మురికి కాదు. పాతదైతె బేకలైటుకు గా రంగొస్తది."

"యాభై ఏండ్లు చేతులల్ల తిరిగింది. చెమట, నూనె, పౌడరు. ఏమైతది? జిడ్డు."

"జిడ్డు కాదు, వన్నె."

నేను వన్నె అన్నదాన్ని ఆమె జిడ్డు అంది. ఆ వారమంతా మా ఇంట్లో జరిగిన యుద్ధం ఈ రెండు మాటల మధ్యే. ఆమె చెప్పేదాంట్లో న్యాయం లేకపోలేదు. పుండ్లు కడిగిన చేతులు ఆమెవి, శుభ్రం అన్న మాట ఆమెకు వృత్తిలోంచి వచ్చింది. ఇంత గలీజు వస్తువును రోజూ ముక్కు దగ్గర పెట్టుకున్నానా అని ఆమెకు వెగటు పుట్టింది. నేను ఫోన్లో వెతికాను. పాత బేకలైటు రేడియోలు, గాజులు, పెట్టెలు దాచుకునేవాళ్ళు ప్రపంచంలో చాలామందే ఉన్నారు. అక్కడా మా ఇంట్లోలాగే రెండు పార్టీలు. గాలికీ వెలుతురుకూ పైపొర పసుపెక్కుతుందని, అది వస్తువు వయసని, తీసేస్తే మళ్ళీ రావడానికి మళ్ళీ అన్ని ఏళ్ళూ పడుతుందని ఒక పార్టీ. తయారైన రోజు ఎలా ఉందో అలా ఉంటేనే దానికి మర్యాద అని ఇంకో పార్టీ. నేను మొదటి పార్టీ మాటలే చదివి వినిపించాను. ఆమె రెండో పార్టీ మాటలు ఎక్కడున్నాయో అడిగి మరీ చదివించుకుంది.

నేను ఎందుకంత పట్టుబట్టానో చెప్పాలి. మాది వర్ధన్నపేట వైపు. అక్కడి నుంచి ఈ వీధికి వచ్చిన కొత్తలో పొద్దున లేస్తే మగ్గాల చప్పుడు, పడుకుంటే మగ్గాల చప్పుడు. ఎవరైనా ఏదైనా అడిగితే వినపడేది కాదు, మళ్ళీ అడగడానికి భయం. అత్తగారు చెడ్డది కాదు, కానీ ఆమె నా చేతికి ఇచ్చినవన్నీ పనులే. చీపురు, చేట, బిందె. ఒక మధ్యాహ్నం మా వదిన డ్యూటీ దిగి వచ్చి, జంపఖానా పరిచి, బోర్డు పెట్టి, నా పిడికిలి విప్పి ఆ స్ట్రైకర్ పెట్టింది. ఆమె చేతి వేడి దానికి ఇంకా ఉంది. "ఆడు. పని ఏడికి పోదు," అంది. ఈ ఇంట్లో ఆడుకోవడానికి నా చేతిలో పెట్టిన మొదటి వస్తువు అది. ఆ రోజు నాకు ఏడుపు వచ్చింది. పౌడరు కళ్ళలో పడిందని చెప్పాను.

అది ఆ పసుపు రంగుతోనే నాకు చుట్టం. తోమితే ఇంకెవరిదో అవుతుందని నా భయం. పైగా గట్టిగా తోమితే అరుగుతుంది, అరిగితే బోర్డు మీద నడక మారుతుంది. అలాంటిది మళ్ళీ దొరకదు. ఉన్నదీ పోయె, ఉంచుకున్నదీ పోయె అన్నట్టవుతుంది. ఇదంతా ఆమెకు చెప్పానా అంటే, నడక సంగతి ఒక్కటే చెప్పాను. మిగతాది చెప్పడానికి సిగ్గేసింది.

ఆమె ఊరుకోలేదు. మొదట దూది మీద స్పిరిట్ వేసి తుడిచింది. దూదికి కాస్త నల్లగా అంటింది, పసుపు మాత్రం కదల్లేదు. "చూసినవా? జిడ్డైతె పోవాలె గదా," అన్నాను. గెలిచాననుకున్నాను. సాయంత్రానికి చింతపండు పెట్టి ఇత్తడి చెంబుతో పాటు దాన్నీ తోమింది. చెంబు మెరిసింది. స్ట్రైకర్ ఇంకా పసుపుగానే ఉండి, పైగా పులుపు వాసన పట్టింది. మా ఆయన దాన్ని చూసి "చారుల వేసిన్రా ఏంది?" అన్నాడు. ఆ రోజు రాత్రి అన్నంలోకి నిజంగానే చారు చేశాను, ఆయన అనుమానంగా తిన్నాడు.

ఆడుకోవచ్చని డాక్టర్ చెప్పిన రోజు ముసురు పట్టింది. కరెంటు పోయి వీధిలో పవర్‌లూములన్నీ ఆగిపోయాయి. మా వీధి అంత నిశ్శబ్దంగా ఉంటే చెవులు గింగురుమంటాయి. చెమ్మకు బోర్డు బరువెక్కింది, పౌడరు ఎంత చల్లినా కాయిన్లు కదలనని మొరాయిస్తున్నాయి. నేను కాయిన్లు సర్దుతుంటే మా వదిన పక్కన చిన్న డబ్బా పెట్టింది. ఇత్తడి వస్తువులకు రాసే పాలిష్. దాని పక్కన పాత నూలు చీర గుడ్డ, గాయాలకు కట్టే గాజుగుడ్డలాగా అంచులు సమంగా కత్తిరించి.

"వదినా," అన్నాను.

"జర ఆగు. ఒక్క మూల జూస్త. పాడైతె ఇడిశిపెడ్త."

"గుండ్రటిదానికి మూల ఏడుంటది?"

"లెక్కల టీచరమ్మా, నువ్వు నోరు మూసుకో."

నేను అడ్డుపడలేదు. ఆమె వస్తువు, ఆమె చెయ్యి. గుడ్డను వేలికి చుట్టి, పాలిష్ అద్ది, స్ట్రైకర్ మధ్యలో ఒకే చోట మెల్లగా గుండ్రంగా రుద్దింది. తీసి చూస్తే గుడ్డకు పసుపు అంటింది. పండగ రోజు గడపలకు రాశాక వేళ్ళకు అంటుకునేంత పచ్చటి పసుపు. ఆమె గుడ్డ మడత మార్చి మళ్ళీ రుద్దింది. చివరికి ముంగొంగుతో తుడిచి, నల్లద్దాలు నుదుటి మీదికి తోసి, కిటికీ దగ్గరికి తీసుకుపోయింది.

కుంకుమబొట్టంత తెలుపు. చుట్టూ అంత పసుపు ఉండేసరికి అది ఇంకా తెల్లగా కనిపించింది.

"ఉన్నది," అంది.

"ఏంది?"

"తెలుపు. ఏడికి పోలే. నర్సంపేటల ఎట్లుండెనో అట్లనే ఉన్నది."

నర్సంపేట ఆమె మొదటి పోస్టింగు అని నాకు తెలుసు. అంతకుమించి ఆమె ఎప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. కిటికీ వైపు తిరిగే చెప్పింది ఇప్పుడు. క్వార్టర్లలో నలుగురు నర్సులు కలిసి బోర్డు తెచ్చుకున్నారట. మిగతా ముగ్గురికీ పెళ్ళిళ్ళై ఒక్కొక్కరే వెళ్ళిపోయారట. స్ట్రైకర్ మాత్రం ఈమె వరంగల్ చౌరస్తాలో తానే ఏరుకుని కొనుక్కుంది, మొదటి జీతం అందిన వారమే.

"నైట్ డ్యూటీ దిగి వచ్చి, పండుకోకుంట ఆడేటోళ్ళం. పొద్దుగాల ఎండల బోర్డు మీద దీన్ని పెడితె కండ్లు చెదిరేటియి. అప్పుడు నాకు దేని ఫికరు లేకుండె." ఆగింది. "కండ్లు బాగైతయని డాక్టర్ చెప్పంగనే నేను మొదట సూద్దామనుకున్నది గిదే. మీ మొఖాలు కాదు."

ఆ చివరి మాట నన్ను నవ్వించడానికే అంది. నాకు నవ్వు రాలేదు. ఇన్నాళ్ళూ ఆ పసుపు నాది అనుకుని కాపలా కాశాను. దాని కింద నేను ఎన్నడూ చూడని మా వదిన ఒకతె ఉందని, ఇరవై రెండేళ్ళది, రాత్రంతా మేలుకుని పొద్దున్నే ఆటకు కూర్చునేది, నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. నేను వచ్చేసరికి ఆమె మా ఆయనకు అక్క, ఇంటికి పెద్దదిక్కు, చెప్పిన మాట జరగాల్సిన మనిషి. ఆ పిల్లను చూడాలని నాకు ఎంత ఆశ పుట్టిందంటే, ఇంతసేపూ వద్దు వద్దు అన్నదాన్ని, వెళ్ళి గుడ్డ నేనే అందుకున్నాను.

"ఇంకింత తోముదమా వదినా? మొత్తం తెల్లగైతది. నేను మెల్లగ రుద్దుత."

ఆమె స్ట్రైకర్ ఇవ్వలేదు. తెల్లచుక్క మీద బొటనవేలు ఆనించి అటూ ఇటూ జరిపింది.

"గీడ ఏలు జారుతాంది. కండ్లు కనవడనప్పుడు నేను ఏలుతోనే ఆడిన. గా పట్టును పాడుచేసుకుంటనా?" అంది. తర్వాత నా వైపు చూసింది. "గదీగాక, నీకు పసుపే గదా ఎరుక. అప్పుడు నీ చేతుల పెట్టంగ గిట్లనే ఉండె కావచ్చు. పౌడరు కండ్లల్ల పడ్డదని ఏడిస్తివి."

"పౌడరే పడ్డది," అన్నాను.

"నర్సునే. పౌడరు పడ్డ కన్ను నాకెరుక లేదా?"

నేను గుడ్డ మడత పెడుతూ కూర్చున్నాను. సిగ్గేసి చెప్పలేకపోయిన మాట ఆమెకు ఆనాడే తెలుసు. ఎన్ని మధ్యాహ్నాలు ఎదురెదురుగా కూర్చున్నామో, ఒక్కసారీ బయటపెట్టలేదు.

ఆమె పాలిష్ డబ్బాకు మూత బిగించి నా వైపు తోసింది.

"దాచిపెట్టు. మిగిలింది నా తర్వాత నువ్వు తోముకో. అప్పుడు సూద్దువు ఎంత తెలుపో."

"అప్పుడు ఎవలతోని ఆడాలె నేను?"

అది కొంచెం గట్టిగానే అన్నాను. నాకు కోపం వచ్చింది. ఆమె డబ్బా మళ్ళీ తన వైపుకు లాక్కుని కిటికీ అరుగు మీద పెట్టేసింది.

"ఇప్పుడైతె నాతోని ఆడు," అంది.

స్ట్రైకర్‌ను గీత మీద పెట్టి, చెమ్మ బోర్డు కదా అని కొంచెం జోరుగా కొట్టింది. రెడ్డు పడింది. అది దక్కాలంటే వెంటనే వేయాల్సిన ఫాలో కాయిన్ కూడా వేసేసింది. ఆ ఆట నేను ఓడిపోయాను. కరెంటు వచ్చి మగ్గాలు మొదలయ్యాయి, మా ఆయన టీ కోసం రెండుసార్లు పిలిచాడు. ఇంకో ఆట వేద్దామని అడిగింది మాత్రం నేనే.